సింగపూర్ గాలిమేడలు

అద్దాల బురుజుల నగరమని మనం అనుకునే చోట పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ఉండేది గాలి దారి చూసి కట్టిన సర్కారు ఫ్లాట్లలో. మన మట్టిగోడ ఓడిపోయే ఆ ఊళ్లో మన సున్నం గెలిచింది. అక్కడి నుంచి మనం తెచ్చుకోవాల్సిందేమిటి?

దేవుడి పటాల ముందు వెలిగించాల్సిన అగరుబత్తిని మా వదిన హాలు మధ్యలో పట్టుకుని నిలబడింది. సెంగ్‌కాంగ్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాటు. బయట మిట్టమధ్యాహ్నం. వీధి తలుపు మూసి ఉంది. పొగ నిటారుగా లేచి, కాసేపు తటపటాయించి, అక్కడక్కడే చుట్లు తిరిగింది.

"ఇప్పుడు చూడు" అంటూ తలుపు తీసింది. ఇనుప గ్రిల్ గేటు మాత్రం వేసే ఉంచింది. పొగ ఒక్కసారిగా నడుం వంచి, వంటగది మీదుగా బట్టలారేసే కిటికీ వైపు పరుగు తీసింది. నా మెడ మీద చెమట చల్లబడింది.

"ఏసీ వేయరా వదినా?"

"పడుకునేటప్పుడు ఓ గంట. పగలు దీనితోనే సరి. ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు మీ అన్నయ్య తూర్పు ముఖమా కాదా అని దిక్సూచి పట్టుకుని తిరిగారు. మా పక్కింటి చైనా ఆవిడ ఒకటే అడిగిందట, పడమటెండ తగులుతుందా అని. నాలుగేళ్లు కాపురమున్నాక తెలిసింది, ఇక్కడ అదే వాస్తు!"

తెలుగువాళ్లకి సింగపూర్ ఊరి పేరుగా కంటే కొలమానంగా ఎక్కువ అలవాటు. అమరావతి రాజధాని ప్రణాళిక 2015లో అక్కడి నుంచే మన చేతికొచ్చింది. అప్పట్నుంచి మన రాజకీయ సభల్లో, రియల్ ఎస్టేట్ కరపత్రాల్లో ఆ పేరు వినపడగానే కళ్లముందు మరీనా బే అద్దాల మేడలు లేస్తాయి. కానీ సింగపూర్ జనం ఎక్కువమంది ఉండేది హెచ్‌డీబీ ఫ్లాట్లలో, అంటే హౌసింగ్ బోర్డు ఇళ్లలో. అయ్యేది కాని పనికి మనం గాలిమేడలని పేరు పెట్టుకున్నాం. వాళ్లు నిజంగానే గాలి కోసం మేడలు కట్టారు.

మన మిద్దె ఓడిపోయే చోటు

సహజ పదార్థాలతో ఇల్లు అనగానే మనకి మట్టిగోడ గుర్తొస్తుంది. అనంతపురం వైపు మూరెడు మందం గోడల చవుడు మిద్దెలో ఎండాకాలం మధ్యాహ్నం కూర్చున్నవాళ్లకి దాని మహిమ తెలుసు. 40 డిగ్రీల ఎండ గోడలోకి మెల్లగా దిగుతుంది. లోపలి వైపుకి చేరేసరికి పొద్దు గూకుతుంది. తెల్లవారుజామున బయట చల్లబడ్డాక, పగలంతా మోసిన బరువు దింపుకుని గోడ మర్నాటికి తయారవుతుంది. పగటికీ రాత్రికీ మధ్య ఉండే ఆ పదీ పదిహేను డిగ్రీల తేడాయే మట్టిగోడకి జీతం.

సింగపూర్ ఆ జీతం ఇవ్వదు. భూమధ్యరేఖకి ఒకటిన్నర డిగ్రీ కూడా దూరం లేని ఊరది. జనవరి అయినా జులై అయినా తెల్లవారుజామున 25, మధ్యాహ్నం 31 లేదా 32. గోడకి చల్లబడే తీరికే ఉండదు. పగలు తాగిన వేడిని రాత్రి మనం పడుకున్నాక మంచం మీదికి వదులుతుంది. గాలిలో తేమ సగటున 80 శాతం పైమాటే. కాబట్టి మన తాతల రెండో ఉపాయమూ పారదు. గుమ్మానికి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లితే చల్లగాలి రావాలంటే, ఆ నీరు ఆవిరవ్వాలి. అప్పటికే తడితో బరువెక్కిన గాలి కొత్త తడిని ఎక్కడ మోస్తుంది? అక్కడ కొత్తకుండలో నీళ్లూ అంతంత మాత్రమే చల్లబడతాయి.

ఇక మిగిలినవి రెండే. ఎండ ఇంటిమీద పడకుండా నీడ పట్టడం, లోపలున్న మనిషి ఒంటిమీది చెమటని గాలితో ఆర్చడం. సింగపూర్‌లో మంచి ఇల్లు కట్టినవాళ్లంతా, ఏ కాలంవాళ్లయినా, ఈ రెంటి దగ్గరే మొదలుపెట్టారు.

కాళ్ల మీద నిలబడ్డ ఇల్లు

మా వదినవాళ్ల ఫ్లాటుకి కాస్త దూరంలోనే లొరోంగ్ బువాంగ్‌కోక్ ఉంది. సింగపూర్ ప్రధాన ద్వీపంలో మిగిలిన ఆఖరి కంపోంగ్, అంటే పల్లె. ఇరవై చిల్లర కుటుంబాలు, రేకుల కప్పులు, చెక్క గోడలు, తీగలు పాకిన దడులు. చుట్టూ ఆకాశాన్నంటే ఫ్లాట్లు. సందులో కోడి కూసింది. మా వదిన ఆగి విని, "మన ఊళ్లో కోడి కూతే!" అని నవ్వింది.

ఇప్పుడు రేకులున్న చోట ఒకప్పుడు అత్తాప్ ఉండేది. మడ అడవుల నీళ్లలో పెరిగే నీపా ఆకుని మడిచి, కుట్టి, వరసలుగా పరిచే కప్పు. మన తాటాకు కప్పుకి చుట్టం. మలయ్ ఇల్లు నేలకి తగలకుండా గుంజల మీద నిలబడేది. నేల పలకల సందుల్లోంచి కిందిగాలి పైకొచ్చేది. పలచటి చెక్క గోడ వేడిని దాచుకునేది కాదు, సూర్యుడు దిగిపోగానే ఇల్లూ చల్లబడేది. తెల్లదొరలు కట్టుకున్న 'బ్లాక్ అండ్ వైట్' బంగళాలూ ఆ పాఠమే నేర్చుకున్నాయి. నల్లరంగు దూలాలు, తెల్లగోడలు, చుట్టూ లోతైన వరండా, దానికి వెదురు తెరలు. చైనా వర్తకుల షాప్‌హౌస్ మరో దారి పట్టింది. ముందు ఐదడుగుల నడవా, దుకాణం వెనక ఇంటి మధ్యలో ఆకాశానికి తెరిచిన గాలిబావి. వానా వెలుతురూ అందులోంచే దిగుతాయి. మన మండువా లోగిలిని తెచ్చి సన్నటి వీధిలో ఇరికించినట్టుంటుంది.

అంత చల్లని ఇల్లు మరి ఎందుకు పోయింది? 1961 మే 25న బుకిట్ హో స్వీ అనే చోట అంటుకున్న మంట అత్తాప్ కప్పుల మీద నుంచి కప్పుల మీదికి దూకింది. సుమారు 16,000 మంది ఒక్కరోజులో నిలువనీడ లేనివాళ్లయ్యారు. ఎండిన ఆకు చల్లటిదే, కానీ పక్కపక్కన వేల ఇళ్లుంటే అదే చితుకు. అంతకు ముందు ఏడాది, 1960లో పుట్టిన హౌసింగ్ బోర్డు అక్కడ కాంక్రీటు ఫ్లాట్లు లేపింది. సహజమైన ఇంటి గురించి రాసేవాళ్లు ఈ మంటని దాటేసి రాయకూడదు. ఇరుకు నగరంలో ఇల్లు చల్లగా ఉంటే చాలదు, నిప్పునీ తట్టుకోవాలి.

కోడిగుడ్డు సొన, బెల్లం, సున్నం

సిటీ హాల్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి బయటికొస్తే పచ్చికలో తెల్లగా మెరుస్తూ సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్ కనిపిస్తుంది. దాని గోడలకి మనతో బంధుత్వం ఉంది. 1856లో మొదలై 1861లో పూజలకి తెరిచిన ఈ చర్చిని కట్టినవాళ్లు భారతీయ ఖైదీలు. 1825లో బెంకూలెన్ నుంచి సింగపూర్‌కి దింపిన తొలి ఖైదీలు మద్రాసు వాళ్లు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మన కోస్తా, సీమ జిల్లాలూ అందులోవే. ఖైదీలు రోడ్లు వేశారు, సెరంగూన్ రోడ్డులో ప్రభుత్వ ఇటుక బట్టీలు నడిపారు. ఆ ఇటుకలకి 1867 ఆగ్రా ప్రదర్శనలో పతకం వచ్చింది. ఈనాడు ఇస్తానా అనే అధ్యక్ష భవనమూ 1869లో వాళ్ల చేతుల మీదుగానే పూర్తయింది.

చర్చి లోపలి పూత పేరు 'మద్రాస్ చునం'. పనులు చూసిన ఇంజినీరు మెక్‌నైర్ తన పుస్తకంలో దాని తయారీ రాసిపెట్టాడు. ఇసుక కలపని గుల్ల సున్నం. అందులో కోడిగుడ్ల తెల్లసొన, ముతక చక్కెర వేసి ముద్దయ్యేదాకా దంచాలి. కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో పలచన చేయాలి. గోడకి పూసి, గట్టిపడ్డాక స్ఫటికపు రాయితోనో నున్నటి గుండ్రాయితోనో అద్దంలా మెరిసేదాకా రుద్దాలి. చదువుతుంటే నాకు మా ఊరి పాత మేడ గచ్చు గుర్తొచ్చింది. ఎద్దు తిప్పే గానుగలో ఆడిన డంగు సున్నం, అందులో బెల్లం, కరక్కాయ నీళ్లు, కోడిగుడ్డు వేశారని ముసలివాళ్లు చెప్పే మాట. కట్టుకథ అనుకునేవాణ్ణి. సముద్రం అవతల అదే పాఠం కాగితం మీద ఉంది.

ఇందులో మాయ లేదు. సున్నం ఆరుతున్నకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్లీ సున్నపురాయి అవుతుంది. తీపి కలిస్తే సున్నం నీళ్లలో ఎక్కువగా కరుగుతుంది, సొన జిగురై పట్టి ఉంచుతుంది. సున్నపు పూత తేమని లోపల బిగబట్టదు, వచ్చినదారినే పోనిస్తుంది. దాని క్షారగుణానికి బూజు తొందరగా పట్టదు. 80 శాతం తేమ ఉన్న ఊరికి ఇంతకంటే ఏం కావాలి? 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా లాంటి పాత వీధుల్ని కాపాడటం మొదలయ్యాక ఇక్కడి మేస్త్రీలకి ఓ సంగతి మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది. పాత ఇటుకగోడకి సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి గోడ కుళ్లుతుంది, సున్నం పూస్తే బతుకుతుంది.

సూర్యుడూ గాలీ ఒక్క మాట మీద

మళ్లీ పన్నెండో అంతస్తుకి వద్దాం. పక్కింటావిడ ప్రశ్నలో ఉన్న శాస్త్రం ఇది. సింగపూర్ ఆకాశంలో సూర్యుడు సగం ఏడాది నెత్తికి కాస్త ఉత్తరంగా, సగం ఏడాది కాస్త దక్షిణంగా నడుస్తాడు. ఉత్తర దక్షిణాల కిటికీల మీద చిన్న చూరు వేస్తే ఆ ఎండ ఆగిపోతుంది. తూర్పు పడమరల్లో అలా కాదు. పొద్దునా సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి ఎంత పెద్ద చూరు కిందనుంచైనా దూరుతుంది. గాలి సంగతి చూస్తే, డిసెంబరు నుంచి మార్చి దాకా ఉత్తరం, ఈశాన్యం నుంచి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణం వైపు నుంచి. అంటే ఎండ దిక్కులు వేరు, గాలి దిక్కులు వేరు. పొడుగాటి భవనాన్ని తూర్పు పడమరలుగా సాగదీసి, కిటికీల్ని ఉత్తర దక్షిణాలకి తిప్పితే రెండూ కలిసొస్తాయి. ఇంత అనుకూలం అన్ని ఊళ్లకీ దొరకదు.

హెచ్‌డీబీ తొలినాళ్ల పొడుగు బ్లాకులు ఈ అనుకూలాన్ని వాడుకున్నాయి. ఒకపక్క అందరికీ ఉమ్మడి వరండా, ఇంకోపక్క వంటగది కిటికీ. మధ్యలో ఇల్లొక గొట్టంలా గాలిని పంపుతుంది. కింద నేల అంతస్తుని గోడల్లేకుండా 'వాయిడ్ డెక్' అని వదిలేశారు. పెళ్లిళ్లకీ ముసలివాళ్ల చదరంగానికీ అదే అరుగు, గాలి నడిచే దారీ అదే. ఇప్పుడు కొత్త కాలనీ గీసేముందు కంప్యూటర్లో గాలిని పారించి చూస్తారు. ఏ బ్లాకు ఏ బ్లాకు ఊపిరికి అడ్డుపడుతుందో ముందే తేలిపోతుంది.

2010లో పూర్తయిన ట్రీలాడ్జ్ పుంగోల్ హెచ్‌డీబీ వాళ్ల తొలి పర్యావరణ కాలనీ. ఏడు బ్లాకులు, 712 ఇళ్లు. వరండాలు కడగడానికి వాననీళ్లు, ఉమ్మడి దీపాలకి కప్పుమీది సోలార్ పలకలు. 2015లో క్వీన్స్‌టౌన్ దగ్గర లేచిన స్కైవిల్ డాసన్ ఇంకో మెట్టు ఎక్కింది. వోహా అనే సింగపూర్ ఆర్కిటెక్టుల సంస్థ గీసిన 47 అంతస్తుల మేడలు, 960 ఇళ్లు. వాటిని ఎనభై ఇళ్ల చొప్పున పన్నెండు ఆకాశ పల్లెలుగా విడదీసి, ప్రతి పల్లెకీ గాల్లోనే ఓ తోట వదిలారు. ప్రతి ఇంటికీ గాలి అటు నుంచి ఇటు దూసుకుపోయే ఏర్పాటుంది. సంపన్నుల విల్లా కాదిది, హౌసింగ్ బోర్డు ఇల్లు. గాలిని పంచడం కూడా సర్కారు పనే అనుకోవడం దీనిలో నాకు నచ్చింది.

మరి ఇదంతా కాంక్రీటే కదా? అవును, ఆ లెక్క కూడా చెప్పుకోవాలి. సింగపూర్‌కి సొంత ఇసుక లేదు. 2007లో ఇండోనేషియా ఇసుక ఎగుమతి ఆపేస్తే ఇక్కడ కాంక్రీటు ధర ఎగిరిపోయింది. గుప్పెడు గుప్పెడూ ఓడలో రావాల్సిన ఊరు మట్టికీ రాయికీ ప్రత్యామ్నాయం వెతక్క తప్పదు.

చెక్క తిరిగొచ్చింది, బూజు వెంట వచ్చింది

ఆ వెతుకులాటలోనే చెక్క తిరిగొచ్చింది. పలకల్ని అడ్డంగా నిలువుగా పొరలు పేర్చి, జిగురుతో నొక్కి, ఫ్యాక్టరీలోనే గోడలుగా దూలాలుగా కోసి తెచ్చే కొత్తరకం చెక్క. లావుపాటి దూలం మండితే పైన బొగ్గుపొర కట్టి, లోపలి కలపని కాసేపు కాపాడుతుంది. కాబట్టి అత్తాప్ భయం దీనికి అంతగా లేదు. చెట్టు పీల్చిన కార్బన్ గోడలోనే ఉండిపోతుంది. ముస్తఫా షాపుకెళ్లే మనవాళ్లు దీన్ని చూడాలంటే ఫారర్ పార్క్ స్టేషన్ పక్కన సిటీ స్క్వేర్ మాల్ దాకా నడిస్తే చాలు. అక్కడి సింగపూర్ సస్టెయినబిలిటీ అకాడమీని 2017లో ఇలాంటి చెక్కతోనే కట్టారు. అదే ఏడాది నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 72 మీటర్ల చెక్క కప్పుతో 'వేవ్' క్రీడాభవనం వచ్చింది. 2023 మేలో అక్కడే 'గయా' తెరిచారు. జపాన్ ఆర్కిటెక్ట్ టోయో ఇటో గీసిన ఆరంతస్తుల కళాశాల, 43,500 చదరపు మీటర్లు, 12.5 కోట్ల సింగపూర్ డాలర్లు. గయా అంటే గ్రీకుల భూదేవి. మెట్లు, స్నానాల గదుల లాంటివి తప్ప దాదాపు అంతా చెక్కే.

ఆ చెక్క ఆస్ట్రియా, స్వీడన్, ఫిన్లాండ్ అడవులది. చలిదేశంలో పెరిగిన చెట్టు. 2025లో దాని మీద బూజు మచ్చలు కనిపించాయని సింగపూర్ పత్రికలు రాశాయి. దీన్ని చూసి చెక్క పనికిరాదనడం తొందరపాటు. తుడవాలి, పూత వేయాలి, గాలాడేలా చూడాలి, అంటే రోజూ కనిపెట్టుకుని ఉండాలి. మా తాత ఏటా తాటాకు మార్పించేవాడు, దసరాకి సున్నం వేయించేవాడు. సహజ పదార్థం కట్టిన రోజుతో వదిలే చుట్టం కాదు, పండగ పండగకీ పిలవాల్సిందే. ఆ ఖర్చూ ఓపికా లెక్కలో వేసుకున్నాకే చెక్క, మట్టి జోలికి వెళ్లాలి.

ఏసీకి కాస్త సెలవు

సింగపూర్ ఏసీని తిట్టదు. తొలి ప్రధాని లీ క్వాన్ యూ ఉష్ణదేశాలు పైకి రావడానికి అదే కారణమని బాహాటంగా మెచ్చుకున్నారు, అధికారం చేపట్టగానే ప్రభుత్వ కార్యాలయాల్లో పెట్టించారు. అయితే ఇవాళ అక్కడి ఇళ్ల కరెంటులో దాదాపు పావువంతు దానికే పోతోంది. ఏసీ వేస్తే కిటికీ మూయాలి. అందరూ మూస్తే గాలి లెక్కంతా వృథా. బయట యంత్రాలు వదిలే వేడి వీధికి చేరి ఊరు ఇంకా కాగుతుంది.

దీనికి నేషనల్ యూనివర్సిటీ వాళ్లు 2019లో తెరిచిన ఎస్‌డీఈ4 భవనంలో ఓ మధ్యేమార్గం చూపించారు. ఆర్కిటెక్చర్ విద్యార్థులుండే ఆరంతస్తుల బడి అది. ఏసీని గడ్డకట్టేంత తిప్పకుండా, గాలిని ఓ మోస్తరుగా చల్లబరిచి వదిలి, మిగతా పని సీలింగు ఫ్యాన్లకి అప్పజెప్పారు. పెద్ద చూరు నీడ, కప్పుమీద 1,200 పైచిలుకు సోలార్ పలకలు. ఏడాదికి వాడేంత కరెంటు తానే పుట్టించుకునేలా కట్టారు. మన ఇళ్లలో ఏనాటి నుంచో తిరుగుతున్న ఫ్యానే ఆ పరిశోధనలో నాయకుడు.

అగరుబత్తి మన ఇంట్లో

మరి అమరావతినీ హైదరాబాద్‌నీ సింగపూర్ చేద్దామా? చేస్తే అద్దాల్ని వదిలేసి ఆ పక్కింటావిడ ప్రశ్నని తెచ్చుకుందాం. జవాబు మాత్రం అక్కడిది మనకి కుదరదు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం కిటికీ తీస్తే వచ్చేది వడగాలి. పగలు మూసి రాత్రి తెరిచే ఇల్లు మనకి కావాలి. కోస్తాలో తేమ ఎక్కువ, అక్కడ కిటికీ పెద్దది కావాలి. సీమలో పగలూ రాత్రీ తేడా ఎక్కువ, అక్కడ గోడ మందం కావాలి. మన దేశపు గృహ ఇంధన నియమావళి 'ఎకో నివాస్ సంహిత' 2018లోనే ఈ తేడాని అంకెల్లో పెట్టింది. తీరప్రాంతంలో తెరుచుకునే కిటికీల జాగా ఇంటి లోపలి గచ్చు జాగాలో కనీసం ఆరోవంతు ఉండాలి. హైదరాబాద్‌లాంటి మిశ్రమ వాతావరణంలో ఎనిమిదో వంతు, పొడివేడి ప్రాంతంలో పదో వంతు. పక్కకి జరిపే కిటికీ కొనేముందు గుర్తుంచుకోండి, అది తెరిచేది సగమే.

కప్పు విషయంలో రెండు చోట్లా జవాబు ఒకటే. పడమటి సింగపూర్‌లోని ఓ పారిశ్రామిక వాడలో కప్పులకీ గోడలకీ రోడ్లకీ ఎండని తిప్పికొట్టే రంగు వేసి చూసిన నాన్యాంగ్ పరిశోధకులు, మధ్యాహ్నపు గాలి 2 డిగ్రీల దాకా చల్లబడిందని 2024లో చెప్పారు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. మన దగ్గర అందరికీ అందే చల్లని రంగు పాత సున్నమే.

తిరిగొచ్చాక మా డాబాకి రెండు పూతలు వేయించాను. మేస్త్రీ సున్నంలో ఫెవికాల్ కలుపుతుంటే, చర్చి గోడల్లో కోడిగుడ్ల సంగతి చెప్పాను.

"గుడ్లా? ఇప్పుడున్న రేటుకి గోడకి పెడితే ఇంట్లో ఊరుకోరండీ" అని నవ్వి, కుంచె ముంచుతూ అన్నాడు. "మా తాత బెల్లం నీళ్లు పోసేవాడు. ఆయన పూసిన గోడ మా ఊళ్లో ఇంకా ఉంది."

ఆ రాత్రి ఎనిమిది దాటాక, బయట గాలి కాస్త తిరిగాక, అగరుబత్తి వెలిగించి హాలు మధ్యలో నిలబడ్డాను. వీధి తలుపు బార్లా తీశాను. పొగ కదల్లేదు. నిటారుగా లేచి, కాసేపు తటపటాయించి, అక్కడక్కడే చుట్లు తిరిగింది. ఎదురుగోడ వైపు చూశాను. ఇరవై ఏళ్ల కిందట మా నాన్న పెట్టించిన కిటికీ ఉండాలక్కడ. దాని ముందు బీరువా ఉంది.

పొద్దున్నే ఇద్దరు మనుషుల్ని రమ్మని చెప్పాను.

ఇల్లు కట్టేముందు...

పదార్థం కంటే ముందు దిక్కు చూడండి. మీ స్థలంలో సాయంత్రం గాలి ఎటునుంచి వస్తుందో ఆ వీధి ముసలివాళ్లని అడగండి, ఆ దారిలో ఒకదానికొకటి ఎదురుగా రెండు కిటికీలు వేయించండి.

పడమటి గోడకి నీడ పట్టండి. చెట్టు, తీగ, తడిక, మెట్లు, వాడకం తక్కువుండే సామాన్ల గది, ఏదైనా సరే. పడకగది మాత్రం అటు వద్దు.

మట్టి, చెక్క, సున్నం వాడాలనుకుంటే ఏటా దాన్ని చూసుకునేదెవరో ముందే అనుకోండి. ఆ పని తెలిసిన మేస్త్రీ దగ్గర్లో ఉన్నాడో లేదో కనుక్కోండి.

పాత ఇంటిని పడగొట్టేముందు ఓ అగరుబత్తి వెలిగించి చూడండి. అడ్డున్నది గోడా, బీరువానా తేలిపోతుంది.